షట్‌డౌన్ వస్తే నా రీసెర్చ్ గ్రాంటు గతేంటి?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. తర్వాత వచ్చేవాళ్లకి కూడా అర్థమయ్యేలా ముందు అదేంటో చెప్పేస్తాను. మీరు అమెరికాలో ఒక స్టేట్ యూనివర్సిటీలో రెండేళ్ల కిందట చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్. చేతిలో ఒక ఎన్‌ఎస్‌ఎఫ్ (పరిశోధనలకి నిధులిచ్చే ప్రభుత్వ సంస్థ, నేషనల్ సైన్స్ ఫౌండేషన్) గ్రాంటు ఉంది. జూన్‌లో ఎన్‌ఐహెచ్‌కి (వైద్య పరిశోధనలకి నిధులిచ్చే నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్) పంపిన అప్లికేషన్ రివ్యూ కోసం కూర్చుని ఉంది. ఇద్దరు పీహెచ్‌డీ విద్యార్థులు, ఒక పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ అయ్యాక చేరిన పరిశోధకుడు) ఆ ఎన్‌ఎస్‌ఎఫ్ గ్రాంటు మీదే ఉన్నారు. సెప్టెంబర్ 30 లోపు కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) కొత్త ఏడాదికి నిధులు ఇవ్వకపోతే షట్‌డౌన్, అంటే ప్రభుత్వ ఆఫీసులకి తాళం అంటున్నారు. జీతాలు ఆగుతాయా, ఆర్డర్లు ఆపెయ్యాలా, జనవరిలో పోస్ట్‌డాక్ హెచ్-1బీ వీసా అయిపోతోంది, దానికేం చెయ్యాలి అని అడిగారు.

నేను పద్దెనిమిదేళ్లుగా ఒక యూనివర్సిటీ స్పాన్సర్డ్ ప్రోగ్రామ్స్ ఆఫీసులో, అంటే బయటి గ్రాంట్ల వ్యవహారం చూసే ఆఫీసులో పనిచేస్తున్నాను. 2013లో 16 రోజులు, 2018 డిసెంబర్ 22 నుంచి 2019 జనవరి 25 దాకా 35 రోజులు, 2025లో అక్టోబర్ 1 నుంచి నవంబర్ 12 దాకా 43 రోజులు, ఈ మూడు షట్‌డౌన్లూ ఇదే కుర్చీలో కూర్చుని చూశాను. మొదటిదానికి నిద్ర పట్టలేదు. మూడోదానికి ఒక ఎక్సెల్ షీటు తెరిచి పెట్టుకుని టీ తాగాను. మీరు నా తమ్ముడి వయసువాళ్లు, కాబట్టి చనువుగానే రాస్తున్నా.

జీతాలు ఆగవు. కనీసం మొదటి నెలా రెండు నెలలు ఆగవు. మీ అవార్డు నోటీసులో రాసిన డబ్బు పాత బడ్జెట్‌లోంచి అప్పుడే మీ యూనివర్సిటీ పేరున కట్టేసి పెట్టింది. కొత్త ఏడాది బడ్జెట్ పాసయినా కాకపోయినా దాని జోలికి ఎవరూ రారు. పైగా మీ విద్యార్థికి చెక్ ఇచ్చేది వాషింగ్టన్ కాదు, మీ పేరోల్ ఆఫీసు. యూనివర్సిటీ ముందు తన జేబులోంచి ఖర్చు పెట్టి, తర్వాత ఏజెన్సీ దగ్గర రాబట్టుకుంటుంది. 2018-19లో ఎన్‌ఎస్‌ఎఫ్ నుంచి ఆ రాబట్టుకోవడం ఆగింది, ఆఫీసు తెరుచుకున్నాకే డబ్బొచ్చింది. అయినా మా పోస్ట్‌డాక్‌లలో ఒక్కరి జీతం కూడా ఒక్కరోజు లేటవలేదు. భారం మోసింది యూనివర్సిటీ ట్రెజరర్. పెద్ద యూనివర్సిటీలు అలా నెలల తరబడి మోయగలవు. చిన్న కాలేజీలకి మాత్రం మూడో నెల వచ్చేసరికి ఊపిరాడదు. మీది పెద్ద స్టేట్ యూనివర్సిటీ అన్నారు కాబట్టి ఆ బెంగ పక్కన పెట్టండి.

వాట్సాప్ గ్రూపుల్లో 'గ్రాంట్లన్నీ క్యాన్సిల్' అని తిరుగుతోందని రాశారు. ఎద్దు ఈనిందంటే గాటికి కట్టెయ్యమన్నట్టు ఉంటుంది ఆ గ్రూపుల వ్యవహారం. 2025లో చాలా గ్రాంట్లని మధ్యలోనే రద్దు చేసిన మాట నిజమే. కానీ అది వేరే కథ. రద్దు చేస్తే మీ అవార్డు నంబరు వేసి మీ యూనివర్సిటీకి నోటీసు వస్తుంది. షట్‌డౌన్‌కి అలాంటి నోటీసేమీ రాదు, అవతల ఫోనెత్తే మనిషి ఉండడు, అంతే.

అసలు ఇబ్బంది అక్కడే ఉంది. ఎన్‌ఎస్‌ఎఫ్ ప్రతి షట్‌డౌన్‌కీ చెప్పే మాట దాదాపు ఇదే: మీ దగ్గర డబ్బు ఉంటే, మా మనిషి జోక్యం అవసరం లేని పని అయితే, కానివ్వండి. ఈ రెండో షరతే మీరు పట్టుకోవాల్సింది. వచ్చే మూడు నెలల్లో మీ ప్రాజెక్టులో ఫెడరల్ ఉద్యోగి 'సరే' అనాల్సిన పనులు ఏమేం ఉన్నాయో వెతకండి. వాటిని సెప్టెంబర్‌లోనే ముగించండి. మిగతా పని మామూలుగా చేసుకుంటూ పోండి.

ఆ మనిషి ఎందుకు దొరకడంటే, యాంటీడెఫిషియెన్సీ యాక్ట్ అని పందొమ్మిదో శతాబ్దం నాటి చట్టం ఒకటి ఉంది. కాంగ్రెస్ ఇవ్వని డబ్బు ఖర్చు పెట్టకూడదు, ఊరికే సేవ చేస్తానన్నా తీసుకోకూడదు అంటుంది. 1980 దాకా నిధుల గడువు దాటినా ఆఫీసులు ఏదోలా నడిచేవి. అప్పటి అటార్నీ జనరల్ బెంజమిన్ సివిలెట్టీ, అలా కుదరదు, మూసెయ్యాల్సిందే అని అభిప్రాయం రాశాక ఈ తాళాల సంస్కృతి మొదలైంది. మన దేశంలో ఓటాన్ అకౌంట్ (పూర్తి బడ్జెట్ పాసయ్యేదాకా ఖర్చులకి ముందే ఇచ్చే అనుమతి) ఉంది కాబట్టి ఈ గొడవ మనకి కొత్తగా ఉంటుంది. అందుకని మీ ప్రోగ్రామ్ ఆఫీసర్ (మీ గ్రాంటు చూసే ఎన్‌ఎస్‌ఎఫ్ అధికారి) ఎంత మంచివారైనా, కాన్ఫరెన్స్‌లో మీతో కలిసి భోంచేసినా, ఆయన సొంత మొబైల్‌కి మెసేజ్ పెట్టకండి. జవాబిస్తే ఆయన ఇరుకున పడతారు. ఫెడరల్ ల్యాబులో ఉన్న మీ సహరచయితలదీ అదే పరిస్థితి, పేపర్ డ్రాఫ్టు వాళ్ల సొంత మెయిల్‌కి పంపి 'ఒక్కసారి చూడండి' అనకూడదు.

ఇక మీ గ్రాంటు. అవార్డు నోటీసు తీసి, అది స్టాండర్డ్ గ్రాంటా, కంటిన్యూయింగ్ గ్రాంటా చూడండి. ఈ ఒక్క మాట మీద సగం జవాబు ఆధారపడి ఉంది. స్టాండర్డ్ అయితే మొత్తం డబ్బు మొదటే కేటాయించేశారు, హాయిగా ఉండొచ్చు. కంటిన్యూయింగ్ అయితే ఏడాదికో విడతగా వస్తుంది. తర్వాతి విడత ఎప్పుడో చూసుకోవాలి, ఎందుకంటే షట్‌డౌన్‌లో కొత్త విడతలు విడుదల చేసేవాళ్లు ఉండరు.

ఇక్కడ నా కళ్లెదుట జరిగిన సంగతి ఒకటి చెప్పాలి. 2019 జనవరిలో మా దగ్గర ఒక ప్రొఫెసర్‌కి జనవరి 1న విడత రావాలి. రాలేదు. ఆయన షట్‌డౌన్‌ని తిట్టుకుంటూ మా ఆఫీసుకొచ్చారు. నేను ఎన్‌ఎస్‌ఎఫ్ గ్రాంట్ల సైటు రీసెర్చ్ డాట్ గవ్ తెరిచి చూస్తే ఆయన పేరు పక్కన ఎర్రగా 'ఓవర్‌డ్యూ' అని ఉంది. ఈ గ్రాంటుది కాదు. నాలుగేళ్ల కిందట ఇంకో యూనివర్సిటీ వాళ్లతో కలిసి చేసిన పాత ప్రాజెక్టుది. అందులో ఈయన కో-పీఐ, అంటే సహ పరిశోధకుడు. ఫైనల్ రిపోర్టు పీఐ (ప్రధాన పరిశోధకుడు) రాయాలి, ఆ పీఐ రాయలేదు. ఎన్‌ఎస్‌ఎఫ్‌లో ఒక రిపోర్టు బాకీ ఉంటే పీఐకే కాదు, కో-పీఐలందరికీ నిధులు బిగుసుకుంటాయి. అంటే షట్‌డౌన్ లేకపోయినా ఆయన డబ్బు ఆగేది. ఆ రిపోర్టు అప్పటికప్పుడు రాయించి పంపించాం. కానీ దాన్ని ఆమోదించాల్సిన మనిషి ఇంట్లో కూర్చున్నాడు. ఆఫీసులు తెరిచాక కూడా ఆయన ఫైలు వరసలో వెనకాల పడి, విడత మార్చి మధ్యలో వచ్చింది.

కాబట్టి రేపే లాగిన్ అయ్యి మీ పేరు మీదున్న రిపోర్టులన్నీ చూడండి, మీరు కో-పీఐగా ఉన్నవి కూడా. ఎన్‌ఎస్‌ఎఫ్ వార్షిక రిపోర్టు ఆ బడ్జెట్ కాలం ముగియడానికి 90 రోజుల ముందు పంపాలి. జనవరిలో విడత ఉంటే మీ రిపోర్టు గడువు అక్టోబర్ మొదట్లోనే, సరిగ్గా తాళం పడే వేళకి. సెప్టెంబర్ 20 లోపు పంపేసి, ప్రోగ్రామ్ ఆఫీసర్‌కి మర్యాదగా రెండు లైన్లు రాయండి, వీలైతే నెలాఖరులోపు చూడగలరా అని. వాళ్లకీ ఆ వారం ఊపిరి సలపదు, అయినా అడిగితే చాలామంది చేస్తారు.

విడత రాకపోతే అట్-రిస్క్ అకౌంట్, అంటే డబ్బు రాకముందే ఖర్చు పెట్టుకునే ఖాతా, తెరవమని మీ యూనివర్సిటీని అడగాలి. ఫెడరల్ నిబంధనల ప్రకారం డబ్బు రాకముందు 90 రోజుల దాకా పెట్టిన ఖర్చుని చాలా గ్రాంట్లలో తర్వాత గ్రాంటులో వేసుకోవచ్చు. అయితే రిస్కు యూనివర్సిటీది. యూనివర్సిటీ ఆ రిస్కుని మీ డిపార్ట్‌మెంట్ నెత్తిన పెడుతుంది. అందుకే చైర్ (డిపార్ట్‌మెంట్ హెడ్) సంతకం అడుగుతారు. చైర్ దగ్గరికి 'కొంచెం సపోర్ట్ కావాలి' అని వెళ్తే పని జరగదు, అంకె పట్టుకుని వెళ్లండి.

ఆ అంకె ఎలా వస్తుందో చూద్దాం. ఉదాహరణకి విద్యార్థులిద్దరికీ నెలకి 2,700 డాలర్ల చొప్పున 5,400, పోస్ట్‌డాక్‌కి 5,600. కలిపితే 11,000. కొత్త ప్రొఫెసర్లు ఇక్కడితో ఆగిపోతారు. పోస్ట్‌డాక్ ఫ్రింజ్ (జీతం పైన పడే ఇన్సూరెన్సు లాంటి ఖర్చులు) 30 శాతం అనుకుంటే 1,680, విద్యార్థుల ఫ్రింజ్ 8 శాతం అనుకుంటే 432. ల్యాబ్ సామాన్లు 1,500. మొత్తం 14,612. దాని మీద మీ యూనివర్సిటీ ఇండైరెక్ట్ రేటు (బిల్డింగు, కరెంటు, ఆఫీసు ఖర్చులకి వేసుకునే వాటా) 52 శాతం అయితే ఇంకో 7,598. అంటే నెలకి దాదాపు 22,200 డాలర్లు. మూడు నెలలకి 66,600. దీనికి తోడు జనవరిలో స్ప్రింగ్ ట్యూషన్ ఒకేసారి పడుతుంది. మీరు 33,000 అనుకుని సంతకం పెట్టించుకుని, తర్వాత రెట్టింపు బిల్లు చూపిస్తే చైర్ మీ మొహం చూడరు. మీ రేట్లు వేరుగా ఉంటాయి, డిపార్ట్‌మెంట్ అకౌంటెంట్‌ని అడిగి వేసుకోండి. ఆవిడకి ఈ లెక్క పది నిమిషాల పని.

హైదరాబాద్‌లోనో వైజాగ్‌లోనో ప్రాజెక్టులు చేసినవాళ్లకి మార్చి 31 హడావుడి, యుటిలైజేషన్ సర్టిఫికెట్ల గోల అలవాటు. ఆ అలవాటుతో చాలామంది నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది: 'మేడమ్, సెప్టెంబర్‌లోనే గ్రాంటు మొత్తం డ్రా చేసి పెట్టుకుందామా?' వద్దు. ఫెడరల్ డబ్బు అవసరానికి తగ్గట్టు తీసుకోవాలి గానీ ముందుజాగ్రత్తకి తీసి బ్యాంకులో పెట్టుకోకూడదు. అలా దాచిన డబ్బు మీద ఏడాదికి 500 డాలర్లు మించి వడ్డీ వస్తే అది కూడా ప్రభుత్వానికే తిరిగి కట్టాలి. యూనివర్సిటీ చెయ్యగలిగింది, మేమంతా చేసేదీ ఏంటంటే, సెప్టెంబర్ చివరి వారంలో అప్పటిదాకా అయిన ఖర్చులన్నీ పైసాతో సహా లెక్కేసి రాబట్టుకోవడం. అందులో మీ వంతు కూడా ఉంది. పీ-కార్డు (యూనివర్సిటీ ఇచ్చే కొనుగోళ్ల కార్డు) రసీదులు, ప్రయాణం బిల్లులు, సబ్అవార్డు (మీ గ్రాంటులో ఇంకో సంస్థకి ఇచ్చిన భాగం) ఇన్‌వాయిస్‌ల ఆమోదాలు మీ ఇన్‌బాక్సులో పడి ఉంటే ఆ ఖర్చు లెక్కలోకి రాదు. ప్రతిసారీ ఆ వారంలో ప్రొఫెసర్ల వెంట పడి అడుక్కునేది మేమే. ఈసారి అడిగించుకోకండి.

మామూలు ఆర్డర్లు ఆపకండి. డీన్ ఆఫీసు నుంచి 'ఖర్చుల విషయంలో జాగ్రత్త' అని మెయిల్ వస్తుంది, దాన్ని చూసి ల్యాబ్ ఎలుకల్ని ఉంచే బోనులు, కణాలు పెంచే మీడియా, గ్యాస్ సిలిండర్లు ఆపేసిన వాళ్లని చూశాను. చేతిలో ఉన్న డబ్బుతో చేసే ఖర్చు షట్‌డౌన్ రోజుల్లో కూడా చెల్లుతుంది. ఆపాల్సింది ఒక్కటే: ఇంకా రాని విడతని నమ్ముకుని కొత్త మనిషికి ఆఫర్ లెటర్ ఇవ్వడం. ఇంకోమాట, మీ చేతిలో గ్రాంటు కాకుండా ఫెడరల్ కాంట్రాక్టు ఉంటే ఇదంతా వర్తించదు. కాంట్రాక్టుకి స్టాప్-వర్క్ ఆర్డర్ (పని ఆపమనే ఉత్తర్వు) ఇవ్వొచ్చు, అది వచ్చాక పెట్టిన ఖర్చు మీ గొంతుకి చుట్టుకుంటుంది. కోఆపరేటివ్ అగ్రిమెంట్ అయితే ఏజెన్సీ శాస్త్రవేత్త మీతో కలిసి పనిచేసే భాగం ఆగుతుంది, మిగతాది నడుస్తుంది. మీరు వేరే యూనివర్సిటీ కింద సబ్అవార్డులో ఉంటే వాళ్ల ఆఫీసు ఏం చెప్తే అదే వేదం.

గ్రాంటు గడువు చివరికి వచ్చినవాళ్లకి ఒక వరం ఉంది. ఎన్‌ఎస్‌ఎఫ్‌లో మొదటిసారి కోరే నో-కాస్ట్ ఎక్స్‌టెన్షన్‌కి (అదనపు డబ్బు లేకుండా గడువు పొడిగింపు) ఎన్‌ఎస్‌ఎఫ్ అనుమతి అక్కర్లేదు. గడువుకి కనీసం 10 రోజుల ముందు యూనివర్సిటీయే సిస్టమ్‌లో నమోదు చేస్తే ఏడాది దాకా పొడిగింపు వచ్చేస్తుంది. రెండోసారి అయితే ఎన్‌ఎస్‌ఎఫ్ ఒప్పుకోవాలి, 45 రోజుల ముందు అడగాలి. నవంబర్, డిసెంబర్‌లో ముగిసే గ్రాంటు ఉండి, ఇది రెండో ఎక్స్‌టెన్షన్ అయితే ఇవాళే పంపండి.

ఫీల్డ్ పని మీరు చెయ్యరు గానీ చదివే ఇంకొకరికి పనికొస్తుందని చెప్తున్నా. 2013లో మా దగ్గర ఒక అమ్మాయి జాతీయ ఉద్యానవనంలో వాగు పక్కన సెన్సర్లు పెట్టుకుంది. మూడు వారాలకోసారి బ్యాటరీలు మార్చాలి. అక్టోబర్ 1 పొద్దున బయల్దేరి వెళ్తే గేటుకి గొలుసు, తాళం. కారులో బ్యాటరీలు పెట్టుకుని గేటు ముందు అరగంట కూర్చుని తిరిగొచ్చేసింది. డబ్బు ఉంది, పర్మిట్ ఉంది, లోపలికి పంపే రేంజర్ లేడు. ఆకురాలు కాలం డేటా సగం పోయింది. థీసిస్‌లో ఆ ఖాళీ గ్రాఫు ఇప్పటికీ ఉంది. ఫెడరల్ భూమి, ఫెడరల్ ఓడ, క్యాంపస్‌లోనే ఉన్న వ్యవసాయ శాఖ గ్రీన్‌హౌస్, వీటిల్లో మీ శాంపిళ్లు ఏమున్నా ముందే బయటికి తెచ్చుకోవాలి. ప్రభుత్వ వెబ్‌సైట్లలో ఉన్న డేటా కూడా అంతే. 2013లో సెన్సస్ సైటు, నాసా సైట్లు చాలావరకు మూతపడ్డాయి. కావలసిన ఫైళ్లు ఇప్పుడే దించుకోండి.

ఎన్‌ఐహెచ్ అప్లికేషన్ సంగతి. జూన్‌లో పంపిన వాటికి అక్టోబర్, నవంబర్‌లలో స్టడీ సెక్షన్ (అప్లికేషన్లకి మార్కులేసే నిపుణుల మీటింగ్), జనవరిలో కౌన్సిల్ (రెండో దశ పరిశీలన), ఏప్రిల్‌లో గ్రాంటు మొదలు. అక్టోబర్ షట్‌డౌన్ సరిగ్గా మీ స్టడీ సెక్షన్ మీద పడుతుంది. మీటింగ్ వాయిదా పడితే దానివల్ల కౌన్సిల్, దానివల్ల ఏప్రిల్ వెనక్కి జరుగుతాయి. దీనికి మీరు చెయ్యగలిగింది ఏమీ లేదు. ఏప్రిల్ 1న డబ్బొస్తుందని ప్లాన్ చెయ్యకుండా ఉండటమే. ఇక అక్టోబర్‌లో మీరు పంపాల్సిన కొత్త అప్లికేషన్లు ఏవైనా ఉంటే, గడువు వెనక్కి జరిగిందని ఏజెన్సీ స్వయంగా ప్రకటించేదాకా పాత తేదీనే నమ్మండి. 2013లో ఎన్‌ఐహెచ్ గడువులు వెనక్కి జరిపింది, ఎన్‌ఎస్‌ఎఫ్ సిస్టమే మూసేసింది. 2018-19లో మాత్రం ఎన్‌ఎస్‌ఎఫ్ ప్రపోజల్స్ తీసుకుంటూనే ఉంది. అంటే ఏ రెండుసార్లూ ఒకేలా లేదు.

ఇంకో మెలిక. బడ్జెట్ అంటే ఒక్క బిల్లు కాదు, పన్నెండు. ఎన్‌ఎస్‌ఎఫ్, నాసా ఒక బిల్లులో ఉంటాయి. ఎన్‌ఐహెచ్, కార్మిక శాఖ ఇంకో బిల్లులో. 2018-19లో రెండోది ముందే పాసయింది కాబట్టి ఎన్‌ఐహెచ్ వాళ్లకి ఆ 35 రోజులూ చీమ కుట్టినట్టు కూడా లేదు, పక్క ల్యాబులో ఎన్‌ఎస్‌ఎఫ్ వాళ్లు గోళ్లు కొరుక్కున్నారు. వార్తల్లో 'షట్‌డౌన్' అన్న మాట చూసి ఊరుకోకుండా ఏ బిల్లు ఆగిందో చూడండి. మీ పోస్ట్‌డాక్‌కి కూడా ఇదే ముఖ్యం.

ఎందుకంటే హెచ్-1బీకి ముందు కార్మిక శాఖ నుంచి ఎల్‌సీఏ (ఉద్యోగి జీతం, పని పరిస్థితుల మీద యూనివర్సిటీ ఇచ్చే హామీకి ధ్రువీకరణ) కావాలి. మామూలు రోజుల్లో ఏడు పనిదినాల్లో వచ్చేస్తుంది. ఆ శాఖ మూతపడితే మాత్రం రాదు. 2013లో ఆగింది. 2018-19లో ఆగలేదు, కారణం పైన చెప్పినదే. 2025లో అక్టోబర్ 1న ఎల్‌సీఏ ఫైల్ చేసే సైటే తెరుచుకోవడం మానేసి, నెలాఖరుకి మళ్లీ వచ్చింది. ఆ నెలంతా నాకు వచ్చిన ఫోన్లలో సగం తెలుగువాళ్లవే. ఒకబ్బాయి భార్య ఏడో నెల గర్భిణి, ఇతని వీసా నవంబర్‌లో ముగుస్తోంది, అక్టోబర్ రెండో తేదీన ఎల్‌సీఏ ఫైల్ చేద్దామని డిపార్ట్‌మెంట్ వాళ్లు కాగితాలు సిద్ధం చేసిపెట్టారు. రెండు రోజుల తేడా. నెలాఖరుకి సైటు తెరిచాక ఎల్‌సీఏ వచ్చి, గడువుకి నాలుగు రోజుల ముందు పిటిషన్ పంపించారు. ఆ నెల వాళ్లింట్లో ఎవరూ సరిగ్గా తిని ఉండరు.

ఎల్‌సీఏ చేతిలో ఉంటే మిగతాది తేలిక. వీసా పిటిషన్లు చూసే యూఎస్‌సీఐఎస్ ఫీజుల మీద నడిచే సంస్థ కాబట్టి షట్‌డౌన్‌లో కూడా పిటిషన్లు తీసుకుంటుంది. గడువులోపు ఎక్స్‌టెన్షన్ ఫైల్ చేస్తే అదే యూనివర్సిటీలో 240 రోజుల దాకా పని చేసుకోవచ్చు. ఆరు నెలల ముందు నుంచే ఫైల్ చెయ్యొచ్చు కాబట్టి జనవరి గడువుకి సెప్టెంబర్ తొందరేమీ కాదు. 'షట్‌డౌన్ వల్ల లేటైంది' అంటే క్షమిస్తారని ఎవరో చెప్పారన్నారు. గతంలో ఆ కారణాన్ని పరిగణించారు, నిజమే. కానీ అది వాళ్ల దయ. ఒక మనిషి ఉద్యోగాన్ని దయ మీద వదలకూడదు. గ్రీన్ కార్డ్ కోసం పెర్మ్ (కార్మిక శాఖ ధ్రువీకరణ) మొదలుపెడదామనుకుంటున్న వాళ్లకీ ఇదే శాఖ, ఇదే తాళం.

ఆఫీసులు తెరిచిన రోజున ప్రోగ్రామ్ ఆఫీసర్‌కి మెయిల్ పెట్టకండి. ఆ పొద్దున వాళ్ల ముందు వందల మెయిళ్లు ఉంటాయి. ఒక వారం ఆగి, సబ్జెక్టులో అవార్డు నంబరు, కావలసిన పని ఒక్కటి, అది ఎప్పటిలోగా కావాలో రాసి, ఒకే మెయిల్ పెట్టండి.

మీరు ఇంటర్నేషనల్ ఆఫీసుకి సోమవారం పొద్దున్నే వెళ్లండి, ఫోను కాదు, మనిషే వెళ్లండి. పోస్ట్‌డాక్ జీతం, హోదా, పనిచేసే బిల్డింగ్ అడ్రసు రాసిన కాగితం పట్టుకెళ్లండి, ఎల్‌సీఏకి అడిగేవి దాదాపు అవే. మీ అవార్డు స్టాండర్డా కంటిన్యూయింగా, తర్వాతి విడత తేదీ ఏంటి, ఆ రెండూ చూసి ఇక్కడే రాయండి. కంటిన్యూయింగ్ అయితే చైర్‌కి ఇవ్వాల్సిన అట్-రిస్క్ మెమో ఎలా రాయాలో చెప్తాను.